జపం చేసుకోవడానికి ఏ క్షేత్రం ఎలా ఉంది?

దర్శనానికి వెళ్లేవాళ్ల లెక్క వేరు, జపానికి వెళ్లేవాళ్ల లెక్క వేరు. తెల్లవారుజామున కూర్చోవడానికి చోటుందా, పక్క గదిలో టీవీ మోగుతుందా, భోజనం వేళకు దొరుకుతుందా? రోజూ 108 పూసల మాల తిప్పే అలవాటున్నవాళ్లకు కావలసింది ఇదే. నేను మంత్రాలయం, శ్రీశైలం, అరుణాచలం ఈ దృష్టితోనే చూశాను.

మంత్రాలయానికి గురువారం వెళ్లకండి. రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావన (సమాధి) ప్రవేశం చేసిన చోటు కదా, గురువారాల్లో ఇసక వేస్తే రాలదు. మిగతా రోజుల్లో 'పూజ్యాయ రాఘవేంద్రాయ' అనుకుంటూ ప్రదక్షిణలు చేసేవాళ్ల వెంట నడుస్తుంటే జపం దానంతటదే సాగిపోతుంది. మఠం గదులు సాదాగా ఉన్నా సరిపోతాయి. రైల్వే స్టేషన్ ఊరికి దూరం, ఆటో బేరం ఎక్కకముందే తేల్చుకోండి. వేసవిలో తుంగభద్ర స్నానం మీద పెద్ద ఆశ వద్దు.

శ్రీశైలంలో మల్లన్న గుడి దర్శనానికే గానీ జపానికి కాదు. మేరుపూస (మాల మొదలూ చివరా కలిసేచోటి పూస) దాకా వచ్చి మాల వెనక్కి తిప్పుకునేలోగా వెనకవాళ్లు నెట్టేస్తారు. పాలధార పంచధార అనే నీటి ధారల చోటు నయం. మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులుంటే కష్టమే. శంకరాచార్యులు తపస్సు చేసిన చోటని చెబుతారు. పొద్దున్నే వెళ్తే నీటి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. నేను దిగిన ప్రైవేటు లాడ్జిలో మాత్రం రాత్రంతా జనరేటర్ మోత. సత్రంలో గది దొరికితే అదే మేలు. రాత్రిపూట నల్లమల చెక్‌పోస్టులు మూసేస్తారు, చీకటి పడకముందే చేరుకోండి.

నా ఓటు అరుణాచలానికే. గుడి కోసం కాదు, రమణాశ్రమం కోసం. భగవాన్ రమణ మహర్షి ఏళ్ల తరబడి గడిపిన పాత హాలులో ఎంత నిశ్శబ్దమంటే, పెదాలు కదిపే ఉపాంశు జపం కూడా పక్కవాళ్లకు వినపడుతుందేమోనని బెరుకు. మానసిక జపం అలవాటు లేనివాళ్లకు అక్కడ అలవాటవుతుంది. ఆశ్రమం వెనక దారిలో కొండెక్కితే స్కందాశ్రమం, దానికింద విరూపాక్ష గుహ. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని అప్పటికే ఎన్నో మంత్రాలు జపించి, తపస్సంటే ఏమిటో అంతుపట్టక 1907లో రమణుల్ని అడిగింది ఈ గుహ దగ్గరే. మంత్రం జపిస్తున్నప్పుడు ఆ నాదం ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నది రమణుల జవాబు. ఆ గుహలో కూర్చున్నాక నాకు మాల లెక్క మీద పట్టింపు కొంచెం సడలింది. సాయంత్రం పెందలాడే మూసేస్తారు కాబట్టి పొద్దున్నే ఎక్కండి.

14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ పౌర్ణమికి చేస్తే పుణ్యం ఎంతోగానీ, జపం మాత్రం సాగదు. మామూలు రోజున తెల్లవారకముందే బయలుదేరితే బండ్ల హారన్లు మొదలయ్యేలోగా సగం దూరం దాటొచ్చు. ఆశ్రమంలో గదికి అద్దె లేదు, తోచింది ఇవ్వొచ్చు. కానీ చాలా ముందుగా రాసి అడగాలి, రద్దీ రోజుల్లో అయితే దొరకడం కష్టం. దొరక్కపోతే దగ్గర్లోనే లాడ్జిలున్నాయి, రోడ్డు వైపు కాకుండా వెనక వైపు గది అడగండి.