సుల్తానహ్మెత్‌లో ‘ఉచిత’ మీగడ: ఇస్తాంబుల్ వెళ్లేవారు జాగ్రత్త

ట్రామ్ దిగి మసీదు వైపు నడిచే ప్రతివారినీ ‘నమస్తే ఇండియా’ అని గుమ్మంలోనే పట్టుకునే ఆ అల్పాహారశాల ఏదో, సుల్తానహ్మెత్ చూసి వచ్చినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఈ ఉదయం నేనూ, నా భార్యా, ఆరేళ్ల మా అబ్బాయీ అక్కడ కూర్చుని 2,900 లీరాలు, అంటే మన డబ్బుల్లో ఆరు వేలకు పైగా, సమర్పించుకుని వచ్చాము.

బల్ల మీది అట్టపై ‘సెర్ప్మె కహ్వాల్తి 750’ అని ఉంది. సెర్ప్మె అంటే పరచినది, కహ్వాల్తి అంటే ఉదయపు అల్పాహారం. చిన్న చిన్న గిన్నెల్లో తెల్ల చీజ్, రెండు రకాల ఆలివ్‌లు, టమాటా, కీరా ముక్కలు, జామ్‌లు, ద్రాక్షపాకం కలిపిన నువ్వుల ముద్ద, బుట్టెడు రొట్టె వచ్చాయి. పొద్దున్నే ఆలివ్ కాయలేమిటని ముఖాలు చూసుకున్నాము గానీ, ఇడ్లీ పక్కన మూడు పచ్చళ్లు వేయించుకునే మనకు ఆ పద్ధతి త్వరగానే అర్థమవుతుంది.

అంతలో వడ్డించే పెద్దమనిషి మేము అడగని పళ్లెం ఒకటి తెచ్చి మా అబ్బాయి ముందు పెట్టాడు. అది కైమాక్, మన మీగడకు పెద్దన్న. గేదె పాలను సన్న సెగ మీద కాచి తీసిన గడ్డ మీగడ, దాని మీద తేనె. ధర ఎంతని నేను అడిగాను. అడగలేదని ఎవరూ అనుకోవద్దు. అతడు కుడిచేతిని గుండె మీద పెట్టుకుని, కాస్త వంగి, ‘ఇక్రామ్’ అన్నాడు. అతిథికి ఊరకే ఇచ్చేదాన్ని వారి భాషలో అలా అంటారు. ఆ వంగిన తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది. అదే మర్యాదతో మెనెమెన్, అంటే టమాటా, మిరపకాయలతో వండిన కోడిగుడ్డు కూడా వచ్చింది.

బిల్లు చూస్తే 750 బల్లకు కాదట, తలకట. ఆలివ్ ముట్టని ఆరేళ్లవాడిదీ నిండు తలేనట. అట్ట మీద సన్న అక్షరాల్లో ‘కిషి బాషి’ అని ఉన్నదాన్ని డబ్బు కట్టాక చూసిన నా తెలివికి అది తగిన శాస్తే అనుకుందాము. కానీ ఊరకే ఇచ్చిన మీగడకు 350, గుడ్లకు 300 ఎందుకు వేశారని అడిగితే, ఆ మనిషే ‘ఇక్రామ్ టీ, మై ఫ్రెండ్’, అంటే ఊరకే ఇచ్చేది టీ మాత్రమే అని, మా వాడు తుడిచిపెట్టిన పళ్లెం వైపు చూపించి, పక్క బల్లవారికి వినబడేలా నవ్వాడు. టీ ఎలాగూ సెర్ప్మెలో కలిసే ఉంటుంది. కోఠీలో పది రూపాయల కోసం పావుగంట బేరమాడే నేను మారుమాట లేకుండా కార్డు చేతిలో పెట్టాను.

వెళ్లేవారు కూర్చోకముందే ‘కిషి బాషి మి’, అంటే తలకా అని అడగండి. అడగనిది వస్తే వేలు పెట్టకుండా తిప్పి పంపండి. గొడ్డు మాంసం తిననివారు గుడ్లలో సుజుక్, అంటే గొడ్డు మాంసపు సాసేజ్, వద్దని చెప్పడం కూడా మరవవద్దు.

గదికి వచ్చినప్పటి నుంచి మా వాడు రేపు కూడా ఆ మీగడే కావాలంటున్నాడు.