సముద్రం కోసం సికింద్రాబాద్ దాకా

ఇంట్లో 120 లీటర్ల గాజు తొట్టి ఖాళీగా ఉంది. అందులో పగడాలు పెంచాలని పిచ్చి పట్టి, వడపోత సామాను కోసం వరంగల్‌లో పొద్దుటి రైలెక్కాను. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జి గది 900. శుభ్రంగానే ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. సామానుతో తిరిగేవాళ్లు కింది గదే అడగండి.

చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో పావురాలు చూస్తూ గంట గడిచిపోయింది, పని మాత్రం కాలేదు.

అసలు సంగతి తెలిసింది కూకట్‌పల్లి వైపు ఒక చిన్న కొట్లో. నేను క్యానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట పెట్టే మూత డబ్బా ఫిల్టర్) అడిగితే అతను ఇవ్వలేదు. "వద్దన్నా, వారం వారం కడగకపోతే అందులో చెత్త కుళ్లి నైట్రేట్ పెరుగుతది. రాయి, స్కిమ్మర్, మంచి నీళ్లు... ఈ మూడు చూసుకో." చిల్లులున్న ఎండు రాయిలో బ్యాక్టీరియా కాపురం పెడితే అదే ఫిల్టరట. స్కిమ్మర్ సన్నని బుడగలతో మురికిని నురగలా పైకి తోస్తుంది. కప్పులో డికాక్షన్ రంగు నీళ్లు దిగుతాయి. అమ్మేవాడే వద్దనడం నాకు నచ్చింది. సముద్రంలోంచి తీసిన మన పగడపు రాయి ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

పైపుల కోసం రాణిగంజ్. దొరకని ముక్క లేదు, బేరమాడితే తగ్గిస్తారు కూడా. కానీ 'సంప్' (గాజు తొట్టి కింద పెట్టే వడపోత తొట్టి) అనగానే ఒకాయన మేడ కింద నీళ్ల సంప్ అనుకుని హార్స్‌పవర్ మోటార్ తీశాడు! ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) కూడా అంటగట్టబోయాడు. ఉప్పు పేరుకుంటే అది పట్టేస్తుంది. పై తొట్టికి నీళ్లెక్కే పైపుకి నీటిమట్టం కాస్త కింద చిన్న రంధ్రం పెడితే చాలు, కరెంటు పోయినా నీళ్లన్నీ కిందికి దిగి సంప్ పొంగదు.

ఇంటికొచ్చి బిగిస్తామన్న ఇంకో కొట్టువాళ్లు అడ్వాన్స్ తీసుకుని ఫోనెత్తడం మానేశారు. నేనే బిగించుకున్నాను. మా ఆర్‌ఓ నీళ్లు టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 40 చూపిస్తే, ఆ మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం తగిలించాక సున్నాకి వచ్చింది. లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలిపాను.

ఇప్పుడు మూడో వారం. అమ్మోనియా పోయింది, నైట్రైట్ పరీక్ష ఇంకా వంకాయ రంగే, అంటే అది ఇంకా పోలేదు. బ్యాక్టీరియా కోసం రోజూ చిటికెడు మేత వేస్తుంటే అమ్మ అడుగుతోంది, "రాళ్లకు తిండి పెడుతున్నావేంట్రా?"