బుడమేరు వరద సాయం: చిన్న దుకాణానికి ఏ మేరకు అక్కరకొచ్చింది?

విజయవాడలో 2024 సెప్టెంబరు వరదల తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న వ్యాపారులకు ఇచ్చిన ఆర్థిక సాయం, దానితో పాటు బ్యాంకులు, బీమా సంస్థల నుంచి వారికి అందిన ఊరట ఏ మేరకు పనిచేశాయో ఇక్కడ పరిశీలిస్తున్నాను. చిన్న దుకాణాల జమాఖర్చులు రాసే వృత్తిలో ఉన్నందువల్ల సింగ్ నగర్, పాయకాపురం వైపు కొందరు వ్యాపారుల దరఖాస్తులు, బ్యాంకు కాగితాలు, బీమా క్లెయిములు నా చేతుల మీదుగా వెళ్లాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. కాగితాలు లేని దుకాణాలను కూడా లెక్కలోకి తీసుకుని, అంత త్వరగా డబ్బు చేర్చడం మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసిన పని. అయితే ఆ సాయం దుకాణం షట్టర్ ఎత్తడానికి సరిపోయింది గాని, వ్యాపారం మళ్లీ నడవడానికి కావలసిన పెట్టుబడికి చాలా దూరంలో ఆగిపోయింది.

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వర్షాలకు బుడమేరు కాలువకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వంటి ప్రాంతాలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానదిలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. సైన్యం సాయంతో మూడు గండ్లనూ పూడ్చేసరికి సెప్టెంబరు 7వ తేదీ అయింది. దుకాణదారుకు ఇక్కడ ముఖ్యమైన విషయం నీరు ఎంత ఎత్తున వచ్చిందన్నదే కాదు, ఎన్ని రోజులు నిలిచిందన్నది కూడా. ఒక రాత్రి తడిసిన సరుకులో కొంతైనా ఆరబెట్టి అమ్ముకోవచ్చు. రోజుల తరబడి మురుగునీటిలో నానిన సరుకులో మిగిలేది ఏమీ ఉండదు.

సెప్టెంబరు 17న ముఖ్యమంత్రి ప్రకటించిన ప్యాకేజీలో నీట మునిగిన కిరాణా కొట్లు, చిన్న దుకాణాలకు 25,000 రూపాయలు ఇస్తామన్నారు. రిజిస్టరయిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల విషయానికి వస్తే, వార్షిక టర్నోవర్ 40 లక్షల లోపు ఉన్నవాటికి 50,000, 40 లక్షల నుంచి కోటిన్నర వరకు ఉన్నవాటికి లక్ష, కోటిన్నర దాటినవాటికి లక్షన్నర రూపాయలుగా నిర్ణయించారు. ఆటోలకు 10,000, ద్విచక్ర వాహనాలకు 3,000 రూపాయలు ఇవ్వడమే కాక, తోపుడు బండ్ల వారికీ అందులో చోటు కల్పించారు. వార్డు సచివాలయ సిబ్బంది ఇంటింటికీ, కొట్టుకొట్టుకూ తిరిగి వివరాలు రాసుకున్నారు. సెప్టెంబరు 25న సుమారు 4 లక్షల మంది బాధితుల కోసం 602 కోట్ల రూపాయలను నేరుగా వారి బ్యాంకు ఖాతాలకు విడుదల చేశారు.

వరద వచ్చిన నెల తిరగకముందే డబ్బు ఖాతాలో పడడం మన రాష్ట్రంలో చిన్న వ్యాపారికి అలవాటు లేని అనుభవం. అంతకంటే విలువైనది కిరాణా కొట్టును, టీ కొట్టును వ్యాపారంగా గుర్తించి వేరే పద్దు కేటాయించడం. ఇంటి ముందు గదిలో కొట్టు నడిపే మహిళకు లైసెన్సు ఉండదు, లెక్కల పుస్తకం ఉండదు. ఆమె నష్టాన్ని ఇంటి నష్టంలోనే కలిపేసి సరిపెట్టడం అధికారులకు తేలికైన దారి. ఆ దారి పట్టకపోవడం ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం. జాబితాలో పేరు రానివారు, ఆధార్ అనుసంధానం లేక డబ్బు వెనక్కి వెళ్లినవారు సచివాలయం చుట్టూ తిరగవలసి వచ్చిన మాట నిజమే గాని, అంత పెద్ద పనిలో అది దిద్దుకోదగిన లోపమే.

ఇక ఆ 25,000 రూపాయలతో ఏం వస్తుందో చూద్దాం. నీళ్లు తీసిన తరువాత నేను చూసిన ఒక కిరాణా కొట్టులో గోడ మీద నీటి గీత రెండో అరను దాటి ఉంది. కింద పేర్చిన బియ్యం బస్తాలు నాని, ఉబ్బి, కుట్లు తెగి, లోపలి గింజ పులిసిపోయింది. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. ఎలక్ట్రానిక్ కాటాలో బురద చేరింది. పప్పుల డబ్బాలు మూతలు బిగించి ఉన్నా అడుగున ఒక వేలెడు నీరు ఊరింది. ఇరవై ఆరు కిలోల సన్నబియ్యం బస్తా పధ్నాలుగు వందల చొప్పున లెక్కేసినా 25,000 రూపాయలకు వచ్చేవి పదిహేడు, పద్దెనిమిది బస్తాలు. అంటే మొత్తం డబ్బును బియ్యానికే పెడితే ఫ్రిజ్, కాటా, అరలు, కరెంటు వైరింగ్ దేనికీ పైసా మిగలదు. అందుకే చాలామంది ఆ సొమ్ముతో ముందు శుభ్రం చేయించుకుని, కరెంటు బాగుచేయించుకుని, సరుకు కోసం మళ్లీ ఏజెన్సీల వద్ద అరువుకో, రోజువారీ ఫైనాన్సు వారి వద్దకో వెళ్లారు.

ఆ కొట్టులోనే అన్నిటికన్నా నన్ను బాధించినది అరువు పద్దుల పుస్తకం. పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుని, బాల్‌పెన్ను రాతలు నీలం మరకలుగా మారాయి. వీధిలో ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆ పుస్తకమే సాక్ష్యం. బాకీదారులు కూడా వరదలో మునిగినవారే కాబట్టి కొట్టు యజమానురాలు నోరు తెరిచి అడగలేదు. అడిగినా వారు ఇవ్వగలిగే స్థితిలో లేరు. కొట్టులోని సరుకుతో సమానమైన విలువ ఆ పుస్తకంలో ఉన్నా, ఏ నష్టం ఫారంలోనూ దానికి గడి లేదు.

టర్నోవర్ ఆధారంగా సాయాన్ని నిర్ణయించడం ఈ ప్యాకేజీలోని మౌలికమైన లోపమని నా అభిప్రాయం. 40 లక్షలు, కోటిన్నర అన్న హద్దులు జీఎస్టీ చట్టం నుంచి వచ్చినవి: సరుకులు అమ్మేవారికి మొదటిది రిజిస్ట్రేషన్ పరిమితి, రెండోది అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే కాంపోజిషన్ పథకం పరిమితి. పన్ను వసూలుకు అవి సరైన కొలతలే కావచ్చు, నష్టాన్ని కొలవడానికి మాత్రం పనికిరావు. జిరాక్స్ సెంటరు టర్నోవర్ చాలా తక్కువ, కానీ అందులోని యంత్రాల ఖరీదు లక్షల్లో ఉంటుంది. టైలరింగ్ షాపు, వెల్డింగ్ షాపు పరిస్థితీ అదే. మరోవైపు టోకు వ్యాపారి టర్నోవర్ కోట్లలో ఉన్నా, వరద వచ్చిన రోజు గోదాములో ఉన్న సరుకు కొద్దిపాటిదే కావచ్చు. పైగా రిజిస్ట్రేషన్ లేని దుకాణానికి 25,000, అదే స్థాయి దుకాణానికి రిజిస్ట్రేషన్ ఉంటే 50,000 రావడం వల్ల, నీటిలో ఒకే విధంగా నష్టపోయిన ఇరుగుపొరుగు కొట్లకు రెండు రకాల సాయం అందినట్టయింది. చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్ నంబర్లతో ఆన్‌లైన్‌లో ఉచితంగానే జరుగుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడమే చాలామందికి అది లేకపోవడానికి కారణం.

పత్రికల్లో పెద్దగా చర్చకు రాని మరొక భారం ఉంది. జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 17(5) ప్రకారం పాడైపోయిన, పోగొట్టుకున్న సరుకుపై అంతకుముందు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టి, అమ్మకపు పన్నులో తగ్గించుకున్న పన్నును) వ్యాపారి తిరిగి కట్టాలి. రెగ్యులర్ పద్ధతిలో జీఎస్టీ కట్టే ఎలక్ట్రికల్ షాపులో 18 శాతం పన్ను ఉన్న 5 లక్షల సరుకు మునిగిందనుకుంటే, వెనక్కి కట్టవలసిన క్రెడిట్ 90,000 రూపాయలు. ప్రభుత్వం ఆ షాపుకు ఇచ్చిన సాయం లక్ష అయితే, అందులో పదోవంతు మాత్రమే యజమాని చేతిలో మిగులుతుంది. ఈ నిబంధన కేంద్ర చట్టంలోనిది, జీఎస్టీ కౌన్సిల్ కదిలితే తప్ప మారదు. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఇవ్వాలని రాష్ట్రాలు అక్కడ గట్టిగా అడగాలి.

బ్యాంకుల విషయం క్లుప్తంగా చెబుతాను. వైపరీత్య ప్రాంతాల్లో రుణాలను రీషెడ్యూల్ చేయడానికి రిజర్వు బ్యాంకు స్థిరమైన ఆదేశాలే ఇచ్చింది. వరద నాటికి బకాయి పడని ఖాతాలకు వాయిదాల గడువు పెంచవచ్చు, అలా పెంచినంత మాత్రాన ఖాతాను మొండి బాకీగా చూపనక్కరలేదు. కానీ ఈ వెసులుబాటు అడిగినవారికే అందుతుంది, అడిగే భాష తెలిసినవారు తక్కువ. ఒక బ్యాంకు శాఖలో నా ఖాతాదారుకు వాయిదా ఆపడాన్ని వివరించారు గాని, ఆపిన కాలానికి వడ్డీ పెరుగుతూనే ఉంటుందన్న మాట చెప్పలేదు. అమెరికాలో చిన్న వ్యాపారాల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ ఆస్తి నష్టానికి ఒక రుణం, వ్యాపారం ఆగిపోయిన కాలపు ఖర్చులకు మరొక రుణం ఇస్తుంది; తిరిగి కట్టడానికి ముప్పై ఏళ్ల వరకు గడువు కూడా ఉంటుంది. మన ప్యాకేజీలో లోపించినది సరిగ్గా ఆ రెండోది.

బీమా గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెద్ద మొత్తం రాగలిగే దారి అదొక్కటే. 5 కోట్ల రూపాయల లోపు ఆస్తులున్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ అమలులో ఉంది. అందులో వరద ముంపు ప్రాథమిక రక్షణలోనే భాగం. బీమా మొత్తం అసలు విలువ కంటే 15 శాతం వరకు తక్కువగా ఉన్నా క్లెయిములో కోత వేయరు. క్యాష్ క్రెడిట్ లేదా ఓవర్‌డ్రాఫ్ట్ రుణం తీసుకున్న చాలా దుకాణాల్లో బ్యాంకే ఏటా ప్రీమియం మినహాయించి సరుకుకు బీమా చేయిస్తుంది. ఆ పాలసీ ప్రతి వ్యాపారి చేతికి రాదు. పాస్‌బుక్కులో ప్రీమియం పద్దు చూపిస్తే గాని తనకు బీమా ఉందని నమ్మని వ్యాపారులు నాకు ఎదురయ్యారు. పాలసీ దొరికిన తరువాత కూడా, సరుకు ఉన్న గోదాము చిరునామా అందులో లేకపోవడం, పాత షాపు చిరునామానే ఏళ్ల తరబడి కొనసాగడం వంటి చిక్కులు క్లెయిములను దెబ్బతీశాయి.

నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చేవరకు పాడైన సరుకును ఉంచాలి. కుళ్లిన బియ్యం, పగిలిన నూనె ప్యాకెట్లు దుర్గంధం వేస్తుంటే వీధివారు, పారిశుద్ధ్య సిబ్బంది వెంటనే తీసేయమంటారు. ఫొటోలు, వీడియోలు తీయకుండా సరుకు బయట పారేసినవారి క్లెయిములు తగ్గిపోయాయి. ఏజెన్సీల నుంచి కొనుగోలు బిల్లుల నకళ్లు తెప్పించుకున్నవారు, జీఎస్టీ పోర్టల్‌లోని కొనుగోళ్ల వివరాలు జతచేసినవారు మెరుగ్గా బయటపడ్డారు. వెనక్కి కట్టిన ట్యాక్స్ క్రెడిట్‌ను కూడా నష్టంలో కలిపి అడగాలని చాలామందికి తోచదు.

బుడమేరు పరివాహకంలో దుకాణాలు మునుపటి చోటనే నడుస్తున్నాయి. ప్రభుత్వం తరువాతి వరద కోసం ఆగకుండా, సరుకు, యంత్రాలు, ఆగిన వ్యాపారం అనే మూడు పద్దులతో ఒక నష్టం ఫారాన్ని ఇప్పుడే సచివాలయాల్లో సిద్ధంగా ఉంచాలి. వ్యాపారులు తమవంతుగా ఉద్యమ్ నంబరు తీసుకోవాలి, బ్యాంకు నుంచి పాలసీ ప్రతి తెచ్చుకుని అందులో సరుకు ఉన్న ప్రతి గది చిరునామా ఉందో లేదో సరిచూసుకోవాలి, అరువు పద్దులను వారానికోసారి ఫోనులో ఫొటో తీసి ఊరికి దూరంగా ఉన్న బంధువు ఒకరికి పంపి ఉంచాలి.