ఇంట్లో పుట్టగొడుగులు: కిట్ నుంచి సొంత సంచుల దాకా

మొదట్లో రెడీమేడ్ కిట్లు వాడాను. ఇప్పుడు స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) తెచ్చుకుని సంచులు నేనే కట్టుకుంటున్నాను. రెండూ చాలాకాలం చూశాక చెబుతున్నాను: కిట్ పనిచేస్తుంది, కాకపోతే ఒకటి రెండుసార్లు కొనడానికే బాగుంటుంది. అసలు తెలుసుకోవాల్సిన సంగతి మాత్రం దానితో వచ్చే కాగితంలో ఉండదు.

కిట్ అంటే పుట్టగొడుగు తాలూకు తెల్లటి బూజులాంటి పోగులు అప్పటికే పూర్తిగా అల్లుకున్న గడ్డి సంచో, రంపపు పొట్టు సంచో. గాటు పెట్టి తేమగా ఉంచితే సాధారణంగా వారం పది రోజుల్లో గుండుసూది తలలంత మొగ్గలు గుత్తులుగా వస్తాయి. అక్కడి నుంచి వేగం చూడాలి! పొద్దున గోరంత ఉన్నది మర్నాటికి రెట్టింపవుతుంది. నాలుగైదు రోజుల్లో కోతకొస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ సరదా కోసమైనా ఒక కిట్ కొనొచ్చు.

'రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లండి' అని కాగితం మీద ఉంటుంది. గాలిలో తేమ 80-90 శాతం ఉండాలన్న మాట నిజమే. కానీ నా అనుభవంలో కాపును చెడగొట్టేది నీళ్ల కొరత కంటే గాలి ఆడకపోవడమే ఎక్కువ. పుట్టగొడుగు కూడా మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. తలుపులు మూసిన గదిలో అది పేరుకుపోతే కాడలు సన్నగా, పొడుగ్గా సాగి పైన గొడుగు చొక్కా గుండీ అంతే ఉంటుంది. అలా కనిపిస్తే ఇంకా నీళ్లు కొట్టకండి, సంచిని కిటికీ దగ్గరికి మార్చండి. నేరుగా ఎండ, ఫ్యాన్ గాలి మాత్రం తగలకూడదు. అంచులు ఎండి పగులుతుంటే అప్పుడు తేమ తక్కువని అర్థం. నీళ్లు కూడా సంచి చుట్టూ చల్లాలి. గొడుగుల మీద నిలిస్తే పసుపు మచ్చలు పడి జిగటగా తయారవుతాయి.

సొంతంగా కట్టాలంటే ఆయిస్టర్ రకమే మేలు, అంటే ముత్యపు చిప్ప పుట్టగొడుగు. బటన్ మష్రూమ్‌కు ప్రత్యేకంగా కుళ్లబెట్టిన కంపోస్టు, దాని మీద మట్టి పొర, 14-18 డిగ్రీల చల్లదనం కావాలి. కొత్తవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు? ఆయిస్టర్‌లోనూ గులాబీ రంగుది వేడిని బాగా తట్టుకుంటుంది.

ఎండుగడ్డిని 3-5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, నానబెట్టి, 65-80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచాలి. తర్వాత ఆరబెట్టడంలోనే ఉంది పనితనమంతా. గుప్పెట్లో గట్టిగా పిండితే చెయ్యి తడవాలి, ఒకటి రెండు చుక్కలు రాలితే ఫరవాలేదు, ధారగా మాత్రం కారకూడదు. గడ్డి ఒక పొర, స్పాన్ ఒక పొర చొప్పున సంచి నింపి, చిన్న రంధ్రాలు పెట్టి, రెండు మూడు వారాలు చీకట్లో వదిలేయాలి. లోపల ఆకుపచ్చ మచ్చలు తేలితే అది ట్రైకోడెర్మా బూజు. సంచి విప్పకుండా ఇంటి బయటికి పంపేయడమే మంచిది. ఒక్కోసారి సంచి మీద సన్నటి వేరే గొడుగులు మొలిచి, నల్లగా సిరాలా కరిగిపోతాయి. వాటిని పీకి పారేయాలి, తినకూడదు.

దిగుబడి? కిలో ఎండుగడ్డికి అన్ని కాపులూ కలిపి అరకిలో నుంచి కిలో దాకా ఆశించవచ్చు. మొదటి కాపే పెద్దది. మూడోదాని కోసం ఎదురుచూడటం నాకైతే దండగనిపిస్తుంది. ఆ గడ్డి మొక్కలకు వేసి కొత్త సంచి కడతాను.

నాకు నచ్చనిది బీజరేణువుల గొడవ. గొడుగు అంచులు పైకి తిరిగేదాకా ఉంచితే తెల్లటి పొడి గదంతా పరుచుకుంటుంది, దగ్గు మొదలవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో సంచి పెట్టకపోవడమే మంచిది. మిగతావాళ్లు కూడా పడగ్గదిలో వద్దు. అంచులు ఇంకా కిందికి వంగి ఉన్నప్పుడే గుత్తిని మెల్లిగా తిప్పి లాగేయండి, రుచీ అప్పుడే బాగుంటుంది. చిన్న చిన్న ఈగలు కూడా చేరతాయి, పల్చటి గుడ్డ కప్పితే చాలావరకు ఆగుతాయి.

కిట్ కొనేటప్పుడు తయారీ తేదీ తప్పకుండా చూడండి. సంచి అడుగున పసుపు నీరు బాగా చేరినా, కవరు లోపలే గొడుగులు మొలిచి నలిగిపోయినా అది పాత సరుకు, తీసుకోవద్దు. నేనైతే ఇక కిట్ కొనను, ఎవరికైనా బహుమతిగా ఇవ్వడానికి తప్ప.