చిన్న ఓడలో రాత్రి భోజనానికి ఒక ఊలు కాలర్ టీషర్ట్: ఏళ్ల తరబడి వాడాక

అలాస్కా వైపు తిరిగే చిన్న ఓడల్లో రాత్రి భోజనానికి మగవాళ్లు ఏం వేసుకోవాలని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా మొదటి మాట ఒకటే: ముదురు నీలం రంగు, ఫుల్‌హ్యాండ్స్, మెరినో ఊలు (మెరినో జాతి గొర్రెల సన్నటి ఊలు) కాలర్ టీషర్ట్. కొన్నేళ్లుగా అలాస్కా ప్రయాణాలన్నిటికీ, ఒకసారి పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవులకి, మధ్యమధ్యలో సియాటిల్ చలికాలంలో ఆఫీసుకి కూడా అదే వాడుతున్నాను. ఊలు పోగు మందం ఎన్ని మైక్రాన్లు, బరువెంత, చెమట వాసన ఎందుకు పట్టదు అనేవి అమ్మేవాళ్ల పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నాకు దాని కాలర్ అంటే ఇష్టం. కోపం కూడా ఆ కాలర్ మీదే.

వంద మంది లోపు ఎక్కే ఓడల సంగతే నేను చెప్పేది. క్వీన్ మేరీ 2 లాంటి పెద్ద ఓడల్లో గాలా రాత్రులని ఉంటాయి, ఆ రోజు సూటు, టై అడుగుతారు. చిన్న ఓడలో ఆ గొడవ లేదు. ఒకటే డైనింగ్ రూమ్, అందరికీ ఒకటే టైమ్, ఎక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోవడమే. బుకింగ్ కాగితాల్లో "క్యాజువల్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. మనవాళ్లకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. జీన్స్‌తో వెళ్లొచ్చా, చొక్కా టక్ చేయాలా, అందరూ కోట్లలో వస్తే మన ఒక్కళ్లమే వెర్రిమొహం వేసుకుని కూర్చోవాలా అని. మొదటిసారి మా ఆవిడ నా బ్లేజర్ ఇస్త్రీ చేయించి మరీ సూట్‌కేసులో పెట్టింది. అలాస్కా రాజధాని జూనోలో ఓడెక్కిన ఆ బ్లేజర్ మళ్లీ జూనోలో దిగేదాకా హ్యాంగర్ మీద నుంచి కదల్లేదు.

అసలు బట్టలు మార్చుకునే తీరిక ఉంటే కదా. మధ్యాహ్నమంతా కయాక్‌లోనో రబ్బరు పడవలోనో తిప్పి, ఐదు దాటాక ఓడకి చేరుస్తారు. అప్పటికి మన ఒంటి మీద మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, పాంటు మీద వాన పాంటు, పైన రెయిన్‌కోటు. అవన్నీ విప్పి తగిలించేసరికి లౌంజ్‌లో రేపటి ప్రోగ్రాం చెప్పడం మొదలవుతుంది. అది అవుతూనే భోజనానికి పిలుపు. క్యాబిన్లో ఇద్దరూ ఒకేసారి నిలబడి బట్టలు మార్చుకునే చోటు ఉండదు, ఒకరు మంచమెక్కి కూర్చోవాల్సిందే. కాబట్టి పగలు రెయిన్‌కోటు కింద ఉన్నదే రాత్రి టేబుల్ దగ్గరికి రావాలి. ఆ పనికి ఈ టీషర్ట్ సరిగ్గా సరిపోయింది.

దానికి కారణం కాలరే. రెండు పొరల అల్లికతో, కాస్త మందంగా ఉంటుంది. రోజంతా ఫ్లీస్ (మెత్తటి, వెచ్చటి సింథటిక్ జాకెట్) కింద, రెయిన్‌కోటు కింద, కయాక్‌లో ఇచ్చే లైఫ్‌జాకెట్ కింద నలిగినా, జిప్ లాగి తీయగానే తనంతట తాను లేచి మెడ చుట్టూ నిలబడుతుంది. ముందు మూడు బొత్తాలు. పైది తీసేస్తే లౌంజ్‌లో బీర్‌కి సరిపోతుంది, పెట్టుకుంటే కెప్టెన్ పక్కన కూర్చున్నా బాగుంటుంది. రౌండ్ నెక్ వేసుకుని న్యాప్‌కిన్ పరిచిన టేబుల్ ముందు కూర్చుంటే నాకెందుకో నైట్‌డ్రెస్‌లో పక్కింటికి భోజనానికి వెళ్లినట్టు ఉంటుంది. ఈ పట్టింపు నాది మాత్రమే అయ్యుండొచ్చు.

నేను దీనికి పూర్తిగా దాసోహం అయింది అలాస్కాలోని ఫ్రెడరిక్ సౌండ్ అనే సముద్రపు పాయలో, ఒక జూన్ రాత్రి. రాత్రి అన్నానే గానీ, జూన్‌లో ఆ ప్రాంతంలో పొద్దు గుంకేసరికి పది అవుతుంది. ఏడున్నరకి డైనింగ్ రూమ్ కిటికీల్లోంచి ఎండ పళ్లేల మీద పడుతోంది. సూప్ అయింది, హాలిబట్ చేప అప్పుడే తెచ్చి పెట్టారు. స్పీకర్‌లో గైడ్ గొంతు వినబడింది, ఎడమవైపు తిమింగలాలు బుడగల వల వేస్తున్నాయి, చూడాలనుకున్నవాళ్లు వెంటనే రండని. ఫోర్కులు ఎక్కడివక్కడ పడేసి ఓడ మొత్తం డెక్ మీదికి పరిగెత్తింది.

మొదట నీళ్ల మీద గల్ పక్షులు గుంపుగా గిరగిరా తిరుగుతున్నాయి. తర్వాత నీళ్లలో బుడగలు ఒక వలయంగా పైకి రావడం మొదలైంది. అడుగున ఒక తిమింగలం హెర్రింగ్ చేపల గుంపు చుట్టూ తిరుగుతూ గాలి వదులుతుందట. ఆ బుడగల గోడని దాటడానికి చేపలు భయపడి మధ్యలో ముద్దగా చేరతాయి. అప్పుడు మిగతావన్నీ కింద నుంచి నోళ్లు తెరుచుకుని ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ నోళ్లు, కారుతున్న నీళ్లు, పెదవుల అంచున ఎగిరిపడుతున్న చేపలు, ఇవన్నీ పక్క వీధిలో ఉన్నంత దగ్గరలో. మా మామగారు విశాఖ నుంచి మొదటిసారి వచ్చారు, స్వెట్టర్, మంకీక్యాప్‌తో రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "అల్లుడుగారూ, ఇన్నేళ్లు సముద్రం పక్కన ఉన్నాం గానీ సముద్రానికి ఇంత నోరుందని తెలీదు" అన్నారు.

ఇప్పుడు బట్టల సంగతి. నా టేబుల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి లేత రంగు లినెన్ చొక్కాలో చక్కగా తయారై వచ్చాడు, నిజంగానే ఆ గదిలో అందరికంటే బాగున్నాడు. డెక్ మీద రెండు నిమిషాలు నిలబడి, చేతులు చంకల్లో పెట్టుకుని, కోటు తెచ్చుకుంటానని కిందికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి నీళ్లు చదునుగా ఉన్నాయి. అదృష్టం కొద్దీ అవి ఇంకోసారి లేచాయి కాబట్టి సరిపోయింది. నేను టేబుల్ దగ్గరి నుంచి ఎలా లేచానో అలాగే చివరిదాకా నిలబడ్డాను. ఊలు అల్లిక ఎదురుగాలిని ఆపదు, సూటిగా గాలి కొట్టినప్పుడు లోపలికి దూరింది. అయినా ఒంట్లో వేడి పోలేదు, ఫుల్‌హ్యాండ్స్ ఉన్నందుకు చేతులు కొంకర్లు పోలేదు. లోపలికొచ్చి చూస్తే వంటవాళ్లు మా పళ్లేల మీద మూతలు పెట్టి ఉంచారు. చేప ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఆ రాత్రి నుంచి చాలాకాలం ఎవరు కనబడినా ఈ టీషర్ట్ గురించే చెప్పి విసిగించానని మా ఆవిడ అంటుంది.

ఆ ప్రయాణం చివర్లోనే ఇది నన్ను ఇరికించింది కూడా. దిగడానికి ముందు ఒక రాత్రి డంజినెస్ పీతల భోజనం పెట్టారు. పెద్ద పీతలు, చేత్తో పగలగొట్టుకుని కరిగించిన వెన్నలో ముంచుకుని తినాలి. మెడకి కట్టుకోవడానికి ప్లాస్టిక్ ఏప్రాన్ ఇస్తారు. అది ఛాతీని కాపాడుతుంది గానీ చేతుల్ని కాదు. కుడిచేతి కఫ్ నిండా వెన్న. ముదురు నీలం కాబట్టి మరక పెద్దగా కనబడలేదు, ఈ ఓడలకి లేత రంగు వద్దనేది అందుకే. కానీ వాసన వదల్లేదు. ఒంటి చెమట వాసన పట్టని ఊలు, పీత వెన్న వాసనని మాత్రం బాగా పట్టుకుంది. మర్నాడు రాత్రి కెప్టెన్‌తో వీడ్కోలు భోజనం.

"రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోతుంది" అని అమ్మిన కంపెనీ పెద్ద అక్షరాలతో రాసింది. షాంపూతో సింకులో ఉతికాను. తువ్వాల్లో చుట్టి, మోకాలితో నొక్కి నీళ్లు పిండి, బాత్రూంలో హ్యాంగర్‌కి వేశాను. ఆ ఓడలో బాత్రూం అంటే షవరూ, టాయిలెట్టూ ఒకే అరలో. బయట ఎడతెగని వాన, క్యాబిన్ కిటికీ తెరుచుకోదు. ఆగ్నేయ అలాస్కా అంటేనే వానల అడవి. అక్కడి కెచికాన్ అనే ఊళ్లో ఏడాదికి మూడున్నర మీటర్లకి పైనే వాన పడుతుంది. తెల్లారి చూస్తే వీపు, పొట్ట దగ్గర ఆరినట్టే ఉంది. కాలర్, బొత్తాల పట్టీ, కఫ్‌లు మాత్రం అలాగే చన్నీళ్లు. నేను ఇంతసేపు పొగిడిన ఆ రెండు పొరల కాలరే నీళ్లన్నీ పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చి చూశాను, తడి. సాయంత్రం పడవ దిగి వచ్చి చూశాను, ఇంకా తడే. చివరికి హెయిర్‌డ్రయ్యర్ పెడితే, "ఏమండీ, నా జుట్టు సంగతేమిటి?" అని మా ఆవిడ వెనక నిలబడింది. డ్రయ్యర్ వేడికి కాలర్ కొన ఒకటి పైకి మెలి తిరిగింది. అది ఇప్పటికీ కిందికి దిగలేదు.

అదే రాత్రి మా మామగారు కూడా తన చొక్కా ఉతుక్కున్నారు. టెర్రికాటన్, హాఫ్‌హ్యాండ్స్, విశాఖలో టైలర్ కుట్టినది. వాళ్ల బాత్రూం కూడా మాదానికి అటూఇటూగా అంతే. తెల్లారి కాఫీ టైమ్‌కి అది ఎండిపోయింది, చేతుల మీద ఇస్త్రీ గీత కూడా చెక్కుచెదరలేదు. "ఊళ్లో ఆరు నెలలు తడిగాలే కదండీ, మాకు ఊలు ఎందుకూ" అన్నారు, నా టీషర్ట్ వైపు జాలిగా చూస్తూ. ఆ చొక్కా టక్ చేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, పైన స్వెట్టర్‌తో వీడ్కోలు భోజనానికి వచ్చారు. నాకు మిగిలింది బనియన్ మీద ఫ్లీస్, మెడ దాకా జిప్.

ఆ రాత్రి నన్నెవరూ చూడలేదు. కెప్టెన్ కూడా స్వెట్టర్‌లోనే వచ్చారు. గైడ్లలో సగం మంది నా లాంటి ఫ్లీసుల్లోనే ఉన్నారు. కాబట్టి కాలర్ గురించి పైన రాసినదానికి ఇంత తగ్గించి చదువుకోండి. అది లేకపోతే భోజనానికి కూర్చోవడం కుదరదని కాదు. లోపల బనియనే ఉంది కాబట్టి వేడిగా ఉన్న గదిలో జిప్ తీయలేక, స్వీటు వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి, అంతే.

గాలాపగోస్‌లో కథ తిరగబడింది. అక్కడ వంద మందికి మించిన ఓడల్ని దీవుల మధ్య తిరగనివ్వరు, మాది పదహారు మందిది. ఎక్కగానే బూట్లు బుట్టలో పడేయమన్నారు, చాలామంది భోజనానికి కూడా ఉత్త కాళ్లతోనే వచ్చేవాళ్లు. పైన డెక్ మీద బట్టలారేసుకోవడానికి తాడు, క్లిప్పులు ఉన్నాయి, ఎండకి కాలర్‌తో సహా అన్నీ ఆరాయి. కానీ మేం వెళ్లింది క్రిస్మస్ సెలవులకి, అప్పటికి అక్కడ వేడి కాలం మొదలవుతుంది. ఏసీ డైనింగ్ రూమ్‌లో ఊలు హాయిగానే ఉంది. ఒక రాత్రి డెక్ మీద బొగ్గుల పొయ్యి పెట్టి భోజనం అన్నారు, పది నిమిషాల్లో వీపు తడిసింది, చేతులు పైకి మడిచినా అవి జారి మణికట్టు దగ్గరికే వచ్చేవి. మర్నాటి నుంచి మామూలు కాటన్ హాఫ్‌హ్యాండ్స్ చొక్కాకి మారాను. చివరి రాత్రి సిబ్బంది అంతా తెల్లటి యూనిఫాంలో వచ్చి గ్లాసులు ఎత్తారు. ఎదురుగా మేమంతా షార్ట్స్‌లో. ఎవరికీ పట్టింపు లేదు.

వాడగా వాడగా బయటపడినవి ఇంకొన్ని. బెల్టు బకిల్ రాసుకునే చోట, పొట్ట దగ్గర, సూది మొనంత చిల్లులు పడ్డాయి. మా ఆవిడ నీలం దారంతో అతికింది, టేబుల్ అవతలి వాళ్లకి కనబడదు. చంకల దగ్గర ఊలు ఉండలు కడుతోంది. ఎండాకాలం దాచేటప్పుడు పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయాలి. ఆ వాసనతోనే ఓడెక్కితే మొదటి రాత్రి పక్కవాళ్లు కొంచెం జరిగి కూర్చుంటారు, కాబట్టి బయల్దేరడానికి ముందే గాలికి వేయండి.

కొనమంటారా అంటే, నేను సన్నటి మనిషిని, చలికి తట్టుకోలేను, పైగా సియాటిల్‌లో ఉంటాను కాబట్టి ప్రయాణం లేనప్పుడూ వాడుకుంటాను. అలా చూస్తే వంద డాలర్ల దాకా పెట్టినా నాకు గిట్టింది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఒక్కసారి అలాస్కా చూసి వెళ్దామని వచ్చేవాళ్లకి ఇది అక్కర్లేదనే నాకనిపిస్తోంది. ముదురు రంగు టెర్రికాటన్ చొక్కాలు రెండు, లోపల థర్మల్, పైన ఒక ఫ్లీస్ చాలు. కింద జీన్స్ ఫర్వాలేదు. తడిస్తే రెండు రోజులు ఆరదు కాబట్టి భోజనాల జీన్స్‌ని పడవ ఎక్కించకండి. తోలు అడుగున్న షూస్ తేవద్దు, తడి డెక్ మీద జారతాయి. గాలాపగోస్‌కి జూన్, నవంబర్ మధ్య చల్లటి నెలల్లో వెళ్లేవాళ్లైతే మళ్లీ ఊలు గురించి ఆలోచించవచ్చు.

నాది పాతబడింది, ఇంకోటి తీసుకోవాలి. ఈసారి కాలర్ ఒక పొరే ఉన్న, కాస్త పల్చటి రకం చూస్తున్నాను. అది ఫ్లీస్ కింద అంత బాగా నిలబడుతుందో లేదో చేత్తో పట్టుకుని చూసేదాకా డబ్బు పెట్టను, సేల్ వచ్చేదాకా ఎలాగూ ఆగుతాను. మామగారు మాత్రం ఈసారి వచ్చేటప్పుడు నా కొలతలతో టెర్రికాటన్ చొక్కాలు కుట్టించి తెస్తానంటున్నారు.