ప్రమాదాల లెక్కా, ముందు జాడలా, శిక్షణ గంటలా? విమాన భద్రతకు ఏ సూచిక మేలు

ఫలానా విమానయాన సంస్థ భద్రత ఎలా ఉందని అడిగితే ముందుగా వచ్చే జవాబు, ‘ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదం కూడా లేదు’ అన్నదే. ఆ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో ధ్వనికన్నా వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానం చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1976లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన ఆ విమానానికి 2000 జులై 25 వరకు ప్రాణాలు తీసిన ప్రమాదం ఒక్కటీ లేదు. ప్రమాదాల పట్టికలో దాని పేరు ఎదుట సున్నా ఉండేది. ఆ రోజు పారిస్‌లో టేకాఫ్ తీసుకుంటుండగా టైరు పగిలి, ఇంధన ట్యాంకు చిట్లి, మంటలు లేచాయి. విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు చనిపోయారు. కాంకార్డ్‌లన్నీ కలిపి చేసిన ప్రయాణాలే తక్కువ కాబట్టి, ఆ ఒక్క ప్రమాదంతో అది పట్టికలో పైనుంచి అట్టడుగుకు పడిపోయింది. రాత్రికి రాత్రి విమానం మారలేదు కదా!

ఇప్పుడు అదే విమానం టైర్ల లెక్క చూడండి. ఫ్రాన్స్ ప్రమాద దర్యాప్తు సంస్థ బీఈఏ పాత రికార్డులు తిరగేస్తే, కాంకార్డ్ టైర్లు పగిలిన, గాలి పోయిన సంఘటనలు అప్పటికే 57 తేలాయి. వాటిలో 12 సార్లు రెక్కలో, ట్యాంకులో దెబ్బతిన్నాయి. ఆరు సార్లు ట్యాంకుకు చిల్లే పడింది. ఎయిర్‌బస్ ఏ340కి సగటున లక్ష ప్రయాణాలకు ఒక టైరు పోతే కాంకార్డ్‌కు 1,500 ప్రయాణాలకే ఒకటి పోయేది. మార్పులు చేశాక చివరి ఏళ్లలో ఈ రేటు కొంత తగ్గిన మాట నిజమే. అయినా రెండింటికీ పొంతనే లేదు. విమానం ఒకటే, కాలమూ ఒకటే. ఒక సూచిక సున్నా చూపిస్తుంటే మరొకటి గొంతు చించుకుంటోంది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో భద్రతా నిర్వహణ కోసమే తెచ్చిన అనెక్స్ 19 నిబంధనలు 2013 నవంబరులో అమల్లోకి వచ్చాయి. భద్రతా పనితీరును కొలిచే సూచికలు పెట్టుకోవాలి, వాటికి లక్ష్యాలు ఉండాలి అన్నది అందులో ఒక ప్రధానాంశం. ఏ సూచికలన్నది మాత్రం సంస్థే తేల్చుకోవాలి. చిక్కంతా ఇక్కడే. ప్రమాదాలు, తీవ్ర సంఘటనలు లెక్కపెట్టేవి ఒక రకం. ప్రమాదానికి దారితీయగల ముందు జాడలను లెక్కపెట్టేవి రెండో రకం. శిక్షణ, తనిఖీల వంటి ప్రయత్నాలను లెక్కపెట్టేవి మూడో రకం.

మొదటి రకాన్ని తీసిపారేయనక్కర్లేదు. ప్రపంచం మొత్తానికో, పెద్ద దేశానికో అది పనికొస్తుంది. ఐకావో లెక్కలో 2023లో పది లక్షల టేకాఫ్‌లకు 1.87 ప్రమాదాలు జరిగాయి. కోట్ల ప్రయాణాల మీద తీసిన రేటు కాబట్టి ఏడాదికేడాది పోల్చి చూడవచ్చు. అదే రేటును ఏడాదికి 10,000 ప్రయాణాలు నడిపే చిన్న సంస్థకు వర్తింపజేస్తే సగటున 50 ఏళ్లకు పైగా గడిస్తే గాని ఒక ప్రమాదం రాదు. అలాంటి సంస్థ ఈ ఏడాది సున్నా అని చెప్పుకుంటే అది భద్రత ఫలితమా, అదృష్టమా అన్నది ఆ అంకెను బట్టి ఎవరూ చెప్పలేరు. దాని భద్రత సగానికి సగం దిగజారినా పట్టికలో సున్నాయే కనిపిస్తుంది.

అందుకే నా మొగ్గు రెండో రకం వైపు. దిగే దశనే చూద్దాం. రన్‌వేకు 1,000 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, కిందికి దిగే రేటు, ఫ్లాపులు (రెక్కల వెనుక అంచున కిందికి వాలే రేకులు), చక్రాలు, ఇంజిన్ శక్తి అన్నీ కుదురుకుని ఉండాలన్నది సాధారణ నియమం. కుదరకపోతే దిగకూడదు, మళ్లీ పైకి లేచి చుట్టి రావాలి. దీన్నే గో అరౌండ్ అంటారు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం ప్రకారం 3 నుంచి 4 శాతం అప్రోచ్‌లు, అంటే దిగడానికి రన్‌వే వైపు చేసే రాకలు, ఇలా కుదురుకోకుండా ఉంటాయి. వాటిలో 97 శాతం గో అరౌండ్ చేయకుండా అలాగే దిగిపోతాయి. విమానంలోని డేటా రికార్డర్ ఇవన్నీ నమోదు చేస్తూనే ఉంటుంది. 10,000 ప్రయాణాల సంస్థకు కూడా ఏడాదిలో వందల సందర్భాలు దొరుకుతాయి కాబట్టి నెలనెలా తేడా కనిపెట్టడానికి సరిపడా సరుకు ఉంటుంది.

ఇక్కడ రెండు సూచికలు ఉన్నాయి. కుదరని అప్రోచ్‌లు ఎన్ని అన్నది ఒకటి, వాటిలో ఎన్నింటిని పైలట్లు అలాగే కొనసాగించారు అన్నది ఇంకొకటి. ఒక్కటే ఎంచుకోమంటే రెండోదే తీసుకుంటాను. మొదటిదాన్ని గాలులు, కంట్రోలర్ ఇచ్చిన ఆదేశాలు, రన్‌వే తీరు కూడా శాసిస్తాయి. కొనసాగించాలా వద్దా అన్నది మాత్రం కాక్‌పిట్‌లో తీసుకునే నిర్ణయం. దాన్ని శిక్షణతోనూ, ‘గో అరౌండ్ చేసినందుకు ఎవరినీ సంజాయిషీ అడగం’ అన్న హామీతోనూ మార్చవచ్చు. పొరపాటున కూడా ఎంచుకోకూడనిది గో అరౌండ్‌ల సంఖ్యను తగ్గించే లక్ష్యం. ఇంధనం మిగులుతుందన్న ఆశతో అది పెట్టారంటే, దిగకూడని విమానాన్ని దింపమని పైలట్లకు చెప్పినట్టే.

ఏ జాడను లెక్కపెట్టినా సంఖ్య కాకుండా రేటు చూడాలి. నడిపే విమానాలు పెరిగిన నెలలో సంఘటనలూ పెరుగుతాయి, అందులో వింతేమీ లేదు. ఆ తర్వాత, ఎప్పుడు కంగారు పడాలన్నది తేల్చుకోవాలి. ఐకావో భద్రతా నిర్వహణ మాన్యువల్ 2013 నాటి కూర్పు దీనికి తేలికైన పద్ధతి చూపించింది. ఉదాహరణకు గత ఏడాది 1,000 ప్రయాణాలకు ఏదో ఒక సంఘటన నెలసరి సగటు 6, ప్రామాణిక విచలనం (నెలల అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతాయో చెప్పే కొలత) 1.5 అనుకుందాం. సగటుకు ఆ 1.5ను ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కలిపితే హెచ్చరిక గీతలు 7.5, 9, 10.5 దగ్గర పడతాయి. ఏ ఒక్క నెల 10.5 దాటినా, వరుసగా రెండు నెలలు 9 దాటినా, వరుసగా మూడు నెలలు 7.5 దాటినా హెచ్చరిక మోగినట్టే. ఒక నెల 8కి చేరితే పరుగులు పెట్టనవసరం లేదు, మూడు నెలలు 8 దగ్గరే ఉంటే కూర్చుని చూడాల్సిందే. ‘ఈ ఏడాది 5 శాతం తగ్గిస్తాం’ అనే లక్ష్యాలకన్నా ఈ గీతలే ఎక్కువ పని చేస్తాయని నా అభిప్రాయం. లక్ష్యం సంగతి ఏడాది చివర గాని తేలదు, గీత దాటిన సంగతి ఆ నెలలోనే తెలుస్తుంది.

ముందు జాడలు ఉన్నంత మాత్రాన సరిపోదని వాషింగ్టన్ ఘటన చెబుతుంది. 2025 జనవరి 29న రీగన్ విమానాశ్రయం దగ్గర ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ పాత డేటా తీసి చూసింది. 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా అక్కడ విమానాలు, హెలికాప్టర్లు అడ్డంగా ఒక నాటికల్ మైలు కన్నా, నిలువుగా 400 అడుగుల కన్నా దగ్గరకు వచ్చిన సందర్భాలు 15,214 ఉన్నాయి. వాటిలో 85 సార్లు దూరం 1,500 అడుగుల లోపు, ఎత్తులో తేడా 200 అడుగుల లోపు. డేటా అంతా ఉంది. దాన్ని సూచికగా మలచి, గీత గీసి, దాటినప్పుడు హెలికాప్టర్ల దారి మార్చే ఏర్పాటు మాత్రం లేకపోయింది.

సిబ్బంది స్వచ్ఛందంగా రాసిచ్చే నివేదికల దారి వేరు. ఏం జరిగిందో రికార్డర్ చెబుతుంది, ఎందుకు జరిగిందో మనిషే చెప్పాలి. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ సమీపంలోని డల్లెస్‌లో దిగబోతూ కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. అంతకు ఆరు వారాల ముందు యునైటెడ్ విమానం ఒకటి అదే చోట త్రుటిలో బయటపడింది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించుకుంది గాని ఆ మాట ఇతర సంస్థల పైలట్లకు చేరలేదు. ఆ తర్వాతే, 1976లో నాసా నిర్వహణలో అమెరికా నివేదికల వ్యవస్థ ఏఎస్ఆర్ఎస్ మొదలైంది. అయితే నివేదికల సంఖ్యను రేటింగ్‌గా వాడకూడదు. అది తగ్గితే భద్రత మెరుగైందని అర్థం కాకపోవచ్చు, రాస్తే తమకే చుట్టుకుంటుందని సిబ్బంది భయపడుతున్నారేమో కూడా. పెరిగితే మంచిదేనని, తగ్గితే ఆరా తీయాలని నేనైతే తిరగేసి చదువుతాను.

మూడో రకం మీద నాకు పెద్దగా గౌరవం లేదు. ‘శిక్షణ 100 శాతం పూర్తి’, ‘తనిఖీలు అన్నీ సకాలంలో’ అనే అంకెలు అందరికీ అందంగా కనిపిస్తాయి, ఎందుకంటే వాటిని అందంగా చూపడం చాలా సులువు. తరగతిలో కూర్చున్నట్టు సంతకం ఉంటే చాలు. వీటిలో ఉంచుకోదగినవి రెండే. తనిఖీలో దొరికిన తీవ్ర లోపం సరిచేయడానికి సగటున ఎన్ని రోజులు పడుతోంది, సరిచేశామన్న లోపం మళ్లీ ఎన్నిసార్లు తలెత్తింది. రెండోదాన్ని కాగితం మీద సర్దడం కష్టం.

కాబట్టి చిన్న సంస్థకు నా ఎంపిక ఇదీ. కుదరని అప్రోచ్‌ల రేటు, వాటిని కొనసాగించిన శాతం, రన్‌వే చివరికి చేరువగా నేల తాకిన సందర్భాల రేటు, మళ్లీ మళ్లీ తలెత్తే లోపాల సంఖ్య. వీటి పక్కన నివేదికలను లెక్క కోసం కాకుండా చదవడం కోసం పెట్టుకోవాలి. ప్రమాదాల సంఖ్య వార్షిక నివేదికలో ఉంటే చాలు, నెలవారీ సమావేశంలో దానికి చోటు అక్కర్లేదు. ఒక్కో గీత దాటినప్పుడు ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. అలా రాయడం సాధ్యం కాని సూచికను పట్టికలోంచి తీసేసి, దాని స్థానంలో అది సాధ్యమయ్యే దాన్ని వెతుక్కోవడం మేలు.