పర్లాకిమిడి నుంచి కోట్‌పాడ్ దాకా, చేసినవాళ్ల ఇళ్లకే

ఒడిశా సరిహద్దు అనగానే మన ఉత్తరాంధ్ర వాళ్లకు రాయగడ మజ్జిగౌరమ్మ, బరంపురం పట్టుచీర గుర్తొస్తాయి. దర్శనం చేసుకుని, చీర కొనుక్కుని వచ్చేస్తాం. ఈసారి నేనూ మా వదినా వేరే పని మీద బయల్దేరాం. పర్లాకిమిడిలో మొదలుపెట్టి గుణుపురం, రాయగడ, జయపురం మీదుగా కోట్‌పాడ్ దాకా, చేత్తో పని చేసేవాళ్లను వాళ్ల ఇళ్లలోనే కలవాలని. వదిన టెక్కలి దగ్గర బడిలో డ్రాయింగ్ టీచరు. పుట్టిల్లు పర్లాకిమిడి కాబట్టి ఒడియా ధారాళంగా వచ్చు. ఆవిడ లేకపోతే సగం ఇళ్లలోకి అడుగు పెట్టగలిగేవాళ్లం కాదు.

ప్రతిచోటా ఒకే మాట అడిగాం: "ఇది ఎవరు చేశారు?" ఫలానా ఆయన, ఫలానా వీధి అని చెప్పిన చోట కూర్చున్నాం. "మాకు పార్టీ దగ్గర్నుంచి వస్తుంది మేడమ్" అని, చేసినవాళ్ల పేరు చెప్పలేని చోట నమస్కారం పెట్టి బయటికొచ్చాం. ఏ ఊరు వెళ్లదగ్గదో నేను చెప్పేది కూడా ఆ తూకం ప్రకారమే.

పర్లాకిమిడికి చేరడం తేలిక. పాతపట్నం దాటితే పర్లాకిమిడే, మధ్యలో మహేంద్రతనయ నది. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు కూడా ఉంది. 1900లో పర్లాకిమిడి రాజావారు తమ ఊరి దాకా వేయించిన చిన్న రైలు దారి అది, గుణుపురం దాకా తర్వాత పొడిగించారు. 2011 నుంచి పెద్ద లైను మీద నడుస్తోంది. రైళ్లు తక్కువ కాబట్టి టైము కుదిరితేనే ఎక్కండి, లేకపోతే టెక్కలి నుంచి బస్సే మేలు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది గానీ, టీ కొట్టులో, ఆటోలో, కూరగాయల బజార్లో తెలుగుకు లోటు లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మరి. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు మామూలుగా ఉంటాయి. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం బకెట్టుతో అడిగి తెప్పించుకోవాలి. గది చూశాకే డబ్బు కట్టండి.

ఇక్కడ చూడవలసింది కొమ్ము పని. ఒకప్పుడు రాజుగారి ఆదరణలో పెరిగిన విద్య. ఇప్పుడు కొద్ది ఇళ్లలోనే మిగిలింది. వదిన వాళ్ల పుట్టింటి వీధిలో అడిగితే ఒక పెద్దాయన ఇంటికి తీసుకెళ్లారు. అరుగు మీద బొగ్గుల కుంపటి, పక్కన ఆకురాళ్లు, గాజు పెంకులు, కొబ్బరినూనె సీసా. వర్క్‌షాప్ అంతా అదే. గేదె కొమ్ము ముక్కను పట్టకారుతో పట్టుకుని నిప్పు మీద నెమ్మదిగా తిప్పుతున్నారు. మధ్యమధ్యలో నూనె రాస్తున్నారు. కొమ్ము కాలకూడదు, మెత్తబడాలి. కాస్త ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే వంగదు. వాసనను బట్టి తెలుస్తుందట ఆయనకు. సరిగ్గా సమయం చూసి తీసి, మోకాలికి ఆనించి రెండు చేతులతో నొక్కారు. కొంగ మెడ వంపు తిరిగింది. చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నారు, మాతో మాట్లాడుతూనే.

"ఇది గేదె కొమ్మమ్మా. నలుపు దాని సొంతం. రంగేటీ వెయ్యనేదు" అన్నారు. తర్వాత ఆకురాయితో అరగదీయడం, గాజు పెంకుతో గీకడం, నూనె గుడ్డతో రుద్దడం. చివరికి ఆ నలుపులో మన మొహం కనిపిస్తుంది. ఆయన దగ్గర రొయ్య ఒకటి చూశాం. మీసాలు వెంట్రుకంత సన్నం, అవీ కొమ్మువే. వదిన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదని చెప్పారు. మంచి కొమ్ము దొరకడం కూడా కష్టమైందట. కొనేవాళ్లకు ఒక జాగ్రత్త: ఆవు, గేదె కొమ్ముల వస్తువులే తీసుకోండి. జింక కొమ్ము అని ఎవరైనా గొప్పగా చూపిస్తే దూరంగా ఉండండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాని వ్యాపారం నేరం. ప్లాస్టిక్‌దేమో అని అనుమానం ఉంటే వెలుతురుకు పట్టి చూడండి. లేత రంగు కొమ్ములో సన్నటి పొరలు కనిపిస్తాయి. దువ్వెనల్లాంటి చిన్నవి వందల్లో, పెద్ద కొంగల జతలు వేలల్లో. మేము బేరం ఆడలేదు. అన్ని గంటల పని కళ్లతో చూశాక నోరెలా వస్తుంది? వదిన ఒక కొంగను తీసుకుని, "అడుగున మీ పేరు రాయండి తాతగారూ" అంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట. సూదిమొన వేడి చేసి, కొంగ నిలబడే పీట కింద ఒడియాలో పేరు గీశారు. రెండో అక్షరం సరిగ్గా రాలేదని దాన్ని అరగదీసి మళ్లీ రాశారు.

బరంపురం ఈ దారిలో లేదు, విడిగా చూసుకోవాలి. చెన్నై–హౌరా లైను మీద ఉంది కాబట్టి రైళ్లకూ మంచి హోటళ్లకూ కొదవ లేదు, వసతి విషయంలో ఈ ఊళ్లన్నిట్లోకీ అదే ముందు. గుడి ఆకారాలుండే ఫోడా కుంభం అంచు పట్టుకు 2012లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు వస్తువని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. నేసేవాళ్లలో తెలుగు మాట్లాడే దేవాంగులు ఎక్కువ, వాళ్ల పూర్వీకులు రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాళ్లు. కానీ పెద్ద షోరూముల్లో చీర మడత విప్పి చూపిస్తారే తప్ప మగ్గం ఎక్కడుందో చెప్పరు. నేతగాళ్ల వీధుల్లోకి నడిచి వెళ్లే ఓపిక ఉంటేనే నేను బరంపురం వెళ్లమంటాను. అదే గంజాం జిల్లాలోని బెల్లగుంఠలో ఇత్తడి చేపలు చేస్తారు. పొలుసులన్నీ విడివిడిగా పేర్చి కూర్చడంతో చేతిలో పట్టుకుంటే బతికున్న చేపలా మెలికలు తిరుగుతుంది. బరంపురానికి ఒక రోజు కేటాయిస్తే బెల్లగుంఠకు ఇంకో రోజు కలుపుకోండి.

గుణుపురం నుంచి పుట్టాసింగి వైపు కొండల్లో సవర గిరిజనుల్లో ఒక శాఖైన లాంజియా సవరల ఊళ్లు ఉన్నాయి. ఇక్కడ సేవల సంగతి ముందే చెప్పాలి. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న గదిని, తీరా వెళ్లేసరికి పెళ్లివాళ్లకు ఇచ్చేశామన్నారు గుణుపురంలో ఒక లాడ్జి వాళ్లు. రాత్రిపూట ఆ టెన్షన్ ఎవరికీ వద్దు, ముందురోజు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. జీపు మాట్లాడుకున్న డ్రైవరు ఊళ్లోకి వెళ్లకుండా దారిలో ఒక దుకాణం దగ్గర ఆపి, అన్నీ ఇక్కడే దొరుకుతాయని పట్టుబట్టాడు. కమీషన్ వ్యవహారం. ఎక్కడెక్కడికి వెళ్లాలో, ఎంత ఇవ్వాలో జీపు ఎక్కకముందే మాట్లాడుకోవాలి. కొండ మీద సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే పనిచేయదు. నగదు, అదీ చిల్లరగా, దగ్గర ఉంచుకోండి. సవర భాష తెలిసిన ఆ ఊరి మనిషి ఒకరు తోడు లేకుండా మాత్రం వెళ్లొద్దు. మాకు గుణుపురంలో ఒక టీచరుగారు పరిచయం చేసిన కుర్రాడు వచ్చాడు.

సవర ఇళ్లలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు వేస్తారు. ఇడితాల్ అంటారు. ఇంట్లో జబ్బు చేసినా, కాన్పు వచ్చినా, పంట ఇంటికి చేరినా, పోయిన పెద్దలను తలుచుకోవాలన్నా వేస్తారు. ముందు చుట్టూ అంచు గీసుకుని, అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు. ఈమధ్య వేసిన వాటిలో సైకిలు, విమానం కూడా ఉంటాయి. మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మలాగే ఉందే అనిపిస్తుంది మొదట. వదిన తేడా చూపించింది: వార్లీలో ఒంటికి రెండు త్రికోణాలు మొనలు తేలి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఇక్కడ ఆ మొనలు అంత పదునుగా ఉండవు, ఆడా మగా తేడా కూడా బొమ్మలో పెద్దగా తెలియదు. 2024లో ఈ చిత్రకళకూ జీఐ వచ్చింది.

ఒక ఇంట్లో గోడ బొమ్మను గుమ్మం దగ్గర నిలబడి చూశాం. పక్కింట్లో పాతికేళ్ల కుర్రవాడు గుడ్డ మీదా కాగితం మీదా వేసి అమ్ముతాడు. వెదురుపుల్ల కొన నలగ్గొట్టిందే కుంచె. వదిన, గోడ బొమ్మలాంటిదే ఒకటి వేసి ఇస్తావా అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. తోడు వచ్చిన కుర్రాడు తెలుగులో చెప్పాడు: "ఇంట్లోది దేవుడిదంట అక్కా. గుడ్డ మీదది తనదంట." తన బొమ్మల్లో ఊరి సంత ఉంది, కొండ దిగే జీపు ఉంది, జీపు మీద కూర్చున్న మేకలున్నాయి. మూలన పేరు రాసుకున్నాడు. టౌన్‌లో తన బొమ్మలనే ఫ్రేము కట్టి పేరున్న చోటు మూసేసి అమ్ముతున్నారని చెప్పాడు. అందుకే ఇప్పుడు పేరును మూలన కాకుండా బొమ్మ మధ్యలో చెట్టు కొమ్మల్లో కలిపి రాస్తున్నాడు. అటువంటి బొమ్మే కొన్నాం. వసతి పరంగా ఈ మజిలీ అన్నిటికన్నా కష్టం. కానీ ఎవరైనా ఒక్క చోటికే వెళ్లగలం అంటే నేను పర్లాకిమిడి వదిలేసైనా ఇక్కడికి వెళ్లమంటాను.

రాయగడలో లాడ్జీలు బాగుంటాయి, మజ్జిగౌరమ్మ గుడికి వచ్చే తెలుగువాళ్ల వల్ల భోజనం మన పద్ధతిలోనే దొరుకుతుంది. బుధవారం చాటికోన సంతకు డోంగ్రియా కోందు గిరిజనులు నియమగిరి కొండల నుంచి దిగి వస్తారు. అక్కడ కెమెరా బయటికి తీయొద్దు. ఆదిమ తెగల వాళ్లను అనుమతి లేకుండా ఫొటోలు తీయడం నిషిద్ధం, అంతకు మించి అది వాళ్ల సంత, మన కోసం పెట్టింది కాదు. 2013లో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్న కొండ ఆ నియమగిరి. డోంగ్రియా ఆడపిల్లలు కుట్టే శాలువాను కపడాగండా అంటారు. మనసైనవాడికో అన్నదమ్ములకో ఇవ్వడానికి నెలల తరబడి కుడతారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాల్లో త్రికోణాలు వరుసలు కట్టి ఉంటాయి, అవి వాళ్ల కొండలు. దానికీ 2024లోనే జీఐ వచ్చింది. టౌన్ దుకాణాల్లో అదే పేరుతో మిషన్ కుట్టు అమ్ముతున్నారు. శాలువాను తిరగేసి చూడండి, వెనక దారం ముడులు లేకుండా ఒకే తీరున పోతుంటే మిషన్‌దే. మేము అసలైంది ఒకరి భుజం మీద చూశాం, కొనలేదు. అమ్మకానికి కుట్టని వస్తువును అమ్మమని అడగడం నాకు ఇష్టం లేదు.

రాయగడ నుంచి కోరాపుట్‌కు రైల్లోనే వెళ్లండి, దారంతా సొరంగాలూ వంతెనలే. జయపురంలో బస చేశాం. హోటళ్లు శుభ్రం, తెలుగు షావుకార్ల ఊరు. కోట్‌పాడ్ అక్కడి నుంచి జగదల్‌పూర్ వెళ్లే హైవే మీదే ఉంది, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఊళ్లో తెలుగు నడవదు, ఒడియా కావాలి.

కోట్‌పాడ్ నేత మిర్గాన్‌ల కులవిద్య. ఒడిశాకు మొదటి జీఐ తెచ్చింది ఇదే, 2005లో. ఇక్కడి నేతకారుడు గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మేము వెళ్లిన ఇంట్లో రంగు పని తల్లిది, మగ్గం కొడుకుది. పెరట్లో అడుగు పెట్టగానే ఆముదం, పేడ, బూడిద కలిసిన ఘాటు వాసన. నూలు చిలపలను, అంటే చుట్టలను, వాటిలో నానబెట్టడం, పిసకడం, ఎండలో ఆరేయడం, మళ్లీ నానబెట్టడం, ఇలా రోజుల తరబడి. అప్పటికి గాని నూలు రంగు పట్టడానికి సిద్ధం కాదు. ఆ తర్వాత ఆల్ చెట్టు వేరు, మన తొగరు, దంచి పొడి చేసి నీళ్లలో నూలుతో పాటు కాస్తారు. అలా వచ్చేది ముదురు ఎరుపు. అన్నభేది కలిపితే నల్లటి గోధుమరంగు. నూలు సహజమైన తెలుపు మూడోది. ఇంక రంగుల్లేవు. ఆ మూడిటితోనే పీత, చేప, శంఖం, గొడ్డలి, గుడి అంచు నేస్తారు.

ఆమె మోచేతుల దాకా ఎరుపు. సబ్బుతో పోదా అని అడిగితే వదినకు రెండు చేతులూ చాపి చూపించింది, గోళ్ల అంచుల్లో ముదురు, అరచేతుల్లో లేత. చిలపలన్నీ ఒక్క రంగులో రావు, వేరు వయసును బట్టి, ఎండను బట్టి మారతాయి. అందుకే ఒకే చీరలో ఎరుపు అక్కడక్కడా చిక్కబడి పలచబడుతుంది. అది లోపం అనుకుని వెనక్కి పంపేవాళ్లు ఉన్నారట. నేనైతే అలాంటిదే వెతుక్కుని తీసుకోమంటాను. అంతా ఒకే తీరుగా మెరుస్తుంటే అది రసాయన రంగు అయ్యే అవకాశం ఎక్కువ. ధర ఎక్కువే, వేలల్లో. ఆల్ వేరు అడవిలో తగ్గిపోతోంది, రంగు పనికే వారాలు పడుతుంది, ఆ లెక్క వేసుకుంటే ఎక్కువ కాదు.

తయారుగా ఉన్న తువ్వాళ్లు రెండు తీసుకుని, చీరకు ఆర్డరు ఇచ్చాం. పోస్టులో పార్శిల్ పంపుతారు, సగం డబ్బు ముందు ఇవ్వాలి. అంచులో పీతలు కావాలో శంఖాలో మనం చెప్పవచ్చు. వానల్లో నూలు ఆరదు కాబట్టి రంగు పని చలికాలపు ఎండల్లోనే బాగా సాగుతుందని, ఉగాదికి చీర కావాలంటే దీపావళికి ముందే చెప్పాలని ఆ అబ్బాయి వదినకు రెండుసార్లు గుర్తుచేశాడు. కొండ దారులకూ ఆ నెలలే మంచివి, కాబట్టి నవంబరు తర్వాత వెళ్లేవాళ్లు ఆర్డరు ఫోన్‌లో ముందే ఇచ్చి, వెళ్లినప్పుడు మీ నూలు ఎండలో ఆరుతుంటే చూసుకోవచ్చు.